28 పాత కోర్లా, 8 కొత్త కోర్లా?

ప్రశ్న: అన్నా నమస్తే. నేను సాఫ్ట్‌వేర్ డెవలపర్ని. ఇంట్లో ఒకటే మెషిన్ పెట్టుకుందాం అనుకుంటున్నా, అందులోనే కోడింగ్, నాలుగైదు వీఎంలు (ఒకే మెషిన్ లోపల నడిచే ఉత్తుత్తి కంప్యూటర్లు), డాకర్‌లో (ప్రోగ్రాంలని విడివిడిగా నడిపే సాఫ్ట్‌వేర్) ఒక డేటాబేస్, శని ఆదివారాలు వీడియో ఎడిటింగ్, అప్పుడప్పుడు గేమ్స్. సెకండ్‌హ్యాండ్‌లో ఒక సెట్ దొరికింది, ఇంటెల్ సర్వర్ ప్రాసెసర్లు జియాన్ ఈ5-2680 వీ4 రెండు, ఆ రెండూ పట్టే డ్యూయల్ సాకెట్ బోర్డు, 128 జీబీ ఈసీసీ (తప్పులు దిద్దుకునే) ర్యామ్. ఇంచుమించు అదే డబ్బుకి కొత్త ఏఎండీ డెస్క్‌టాప్ ప్రాసెసర్ రైజెన్ 7 7700, బోర్డు, 32 జీబీ ర్యామ్ వస్తున్నాయి. అటు 28 కోర్లు, ఇటు 8. ఫ్రెండ్సేమో సర్వర్ ప్రాసెసర్ అంటే రాక్షసుడు, కళ్లు మూసుకుని తీసుకో అంటున్నారు. పైగా నా మెషిన్ 24 గంటలూ ఆన్‌లోనే ఉంటుంది, డెస్క్‌టాప్ ప్రాసెసర్ తట్టుకుంటుందా? ఏది తీసుకోమంటావ్?

సమాధానం: తమ్ముడూ, ముందే చెప్పేస్తున్నా, 7700 తీసుకో, కాకపోతే 32 జీబీ దగ్గర ఆగకు. నీ ఫ్రెండ్స్ చెప్పినదాంట్లో సగం నిజం ఉంది, అసలు చిక్కంతా ఆ సగంతోనే. సర్వర్ ప్రాసెసర్ రాక్షసుడే, కాదన్ను. కానీ ఏ సంవత్సరం రాక్షసుడు, ఏ పనికి రాక్షసుడు అని కూడా అడగాలి కదా.

ఈ5-2680 వీ4 అనేది 2016లో వచ్చిన చిప్పు, ఇంటెల్ బ్రాడ్‌వెల్ తరం. ఒక్కోదాంట్లో 14 కోర్లు, అంటే విడివిడిగా పని చేసే భాగాలు, బేస్ స్పీడ్ 2.4 గిగాహెర్ట్జ్, బాగా కష్టపడితే ఒకటి రెండు కోర్లు 3.3 దాకా వెళ్తాయి, అన్ని కోర్లకీ పని పడితే అది కూడా రాదు. 7700 ఏమో 2023 మొదట్లో వచ్చింది, 8 కోర్లు, 5.3 దాకా వెళ్తుంది. ఇక్కడ స్పీడ్ నంబర్ ఒక్కటే చూస్తే ఇంకా తక్కువ అంచనా వేసినట్టు, ఎందుకంటే ఒక్కో క్లాక్‌లో కొత్త కోర్ చేసే పని కూడా పాతదానికన్నా చాలా ఎక్కువ. రెండూ కలిపి చూస్తే ఒక కోర్‌కి ఒక కోర్ పోటీ పెట్టినప్పుడు కొత్తది రెండింతలకి పైనే ఉంటుంది.

రెండింతలే కదా, అటు కోర్లు మూడున్నర రెట్లు ఉన్నాయి కదా అంటావేమో. అక్కడికే వస్తున్నా. జీన్ ఆమ్డాల్ అనే కంప్యూటర్ ఇంజనీర్ 1967లోనే ఈ లెక్క చెప్పాడు, ఒక పనిలో వరస తప్పకుండా ఒకదాని తర్వాత ఒకటి జరగాల్సిన భాగం కొంచెం ఉన్నా చాలు, నువ్వు ఎన్ని కోర్లు పెట్టినా మొత్తం స్పీడ్ ఆ కొంచెం దగ్గరే ఆగిపోతుంది అని. నీ కేసుకి వేసి చూద్దాం. ఒక పనిలో 90 శాతం ముక్కలు చేసి పంచొచ్చు, 10 శాతం పంచడానికి కుదరదు అనుకో. ఒక కోర్‌తో పోలిస్తే 8 కోర్లతో 4.7 రెట్లు వేగం వస్తుంది, 28 కోర్లతో 7.6 రెట్లు. ఇప్పుడు జియాన్ కోర్ సగం వేగమే అనుకుంటే 7.6లో సగం 3.8. అంటే 28 కోర్ల మెషిన్ 8 కోర్ల మెషిన్ కన్నా వెనకబడింది. ఇదేం మాయ కాదు, కాగితం మీద రెండు నిమిషాల్లో నువ్వే వేసుకోవచ్చు. పది మంది కలిసి తోస్తే బండి కదుల్తుంది గానీ సూదిలో దారం ఎక్కించాలంటే పది మంది ఉండీ లాభం లేదు, చూపున్నవాడు ఒక్కడు కావాలి.

న్యాయంగా రెండోవైపు కూడా చెప్పాలి. పని 99 శాతం పంచుకునేదైతే లెక్క తిరగబడుతుంది. 3డీ రెండరింగ్ అలాంటిదే, ఫ్రేముని ముక్కలు చేసి కోర్లకి పంచేస్తే ఎవరి పని వాళ్లు చేసుకుంటారు, పక్కవాడితో మాట్లాడే అవసరం ఉండదు. అలాంటి పనిలో ఆ రెండు జియాన్ల జత 7700కి గట్టిపోటీ ఇస్తుంది, ముందుకి కూడా వెళ్తుంది. నువ్వు రాత్రంతా రెండర్లు పెట్టి పడుకునేవాడివైతే నా సమాధానం వేరేలా ఉండేది. కానీ నువ్వు రాసిన లిస్టు చూడు. ఎడిటర్లో కోడ్ టైప్ చేసి సేవ్ కొట్టగానే రీబిల్డ్ అవ్వాలి, టెస్టులు రన్ అవ్వాలి, టైమ్‌లైన్ మీద వీడియో ముందుకీ వెనక్కీ జరిపితే ఆగకుండా కదలాలి, గేమ్‌లో ఫ్రేములు పడాలి. ఇవన్నీ ఎక్కువగా ఒకట్రెండు కోర్ల వేగం మీద బతికే పనులు. పెద్ద ప్రాజెక్టు మొత్తం మొదట్నుంచి కంపైల్ చేసినప్పుడు కోర్లన్నీ వాడుకుంటుంది, నిజమే, అక్కడ కూడా చివర్లో ముక్కలన్నీ కలిపే లింకింగ్ దగ్గరికొచ్చేసరికి చాలాసార్లు ఒక కోరే పరిగెడుతూ మిగతావి చూస్తూ కూర్చుంటాయి. నువ్వు రోజులో ఎన్నిసార్లు మొత్తం కంపైల్ చేస్తావ్, ఎన్నిసార్లు ఒక ఫైల్ మార్చి సేవ్ చేస్తావ్?

డ్యూయల్ సాకెట్ అనేసరికి ఇంకో తిరకాసు ఉంది, అమ్మేవాళ్లు ఇది ఎప్పుడూ చెప్పరు. రెండు ప్రాసెసర్లు ఉన్నాయంటే ర్యామ్ కూడా రెండు భాగాలైపోతుంది, సగం ఇతని దగ్గర, సగం అతని దగ్గర. మొదటి చిప్పులో నడిచే ప్రోగ్రాంకి కావాల్సిన డేటా రెండో చిప్పు ర్యామ్‌లో ఉంటే మధ్యలో లింక్ దాటుకుని వెళ్లి తెచ్చుకోవాలి, ఆ ఆలస్యం ప్రతిసారీ పడుతుంది. దీన్నే న్యూమా అంటారు. సర్వర్ల కోసం రాసిన డేటాబేస్‌లు, వీఎంలని నడిపే హైపర్‌వైజర్లు ఇది చూసుకుని పని సర్దుకుంటాయి. గేములు, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు చాలామటుకు పట్టించుకోవు. అందుకే డ్యూయల్ సాకెట్ మెషిన్లో ఒక్కోసారి ఒక చిప్పు ఆపేస్తే గేమ్ మెరుగ్గా నడిచే విచిత్రం కూడా జరుగుతుంది.

అసలు విషయానికొస్తే, డెస్క్‌టాప్‌కీ సర్వర్‌కీ తేడా కోర్లో ఉండదు తమ్ముడూ, కోర్ చుట్టూ ఉంటుంది. ఇది పట్టుకుంటే ఇంక నీకు ఎవరూ సలహా ఇవ్వక్కర్లేదు. నీ 7700నే తీసుకో. దాని లోపల 8 కోర్లున్న చిప్లెట్, అంటే చిన్న చిప్పు ముక్క, ఒకటి ఉంటుంది. అదే జెన్ 4 తరంలో ఏఎండీ పెద్ద సర్వర్ చిప్పు ఎపిక్ 9654లో ఇలాంటి 8 కోర్ల చిప్లెట్లే 12 ఉంటాయి, మొత్తం 96 కోర్లు. కోర్ డిజైన్ ఒకటే. మరి ఎందుకంత తేడా అంటే, ఎపిక్‌కి ర్యామ్ ఛానళ్లు, అంటే ర్యామ్‌కి వెళ్లే దారులు, 12, నీకు 2. ఎపిక్‌కి పీసీఐఈ లేన్లు, అంటే గ్రాఫిక్ కార్డులు, డిస్కులు తగిలించే దారులు, 128, నీకు 28, అందులో 4 చిప్‌సెట్‌కే పోతాయి. ఎపిక్‌లో టెరాబైట్లలో ర్యామ్ పెట్టొచ్చు. దాని బదులు అది తాగే కరెంట్ 360 వాట్లు, బూస్ట్ స్పీడ్ 3.7 దగ్గరే ఆగిపోతుంది. అంటే ఆ 96 కోర్లలో ఏ ఒక్క కోర్ తీసుకున్నా నీ 7700 కోర్ కన్నా నెమ్మదే! అది ఒక మనిషి పని తొందరగా చేసిపెట్టడానికి పుట్టలేదు, వేల మంది పనిని ఒకేసారి ఒడ్డెక్కించడానికి పుట్టింది.

ఇప్పుడు ఆ పాత జియాన్‌కి ఈ చుట్టూ ఉండే బలం ఇంకా ఎంత మిగిలిందో చూద్దాం, ఎందుకంటే నువ్వు కొనేది దాన్నే కదా. దానికి ఒక్కో సాకెట్‌కి 4 ర్యామ్ ఛానళ్లు, డీడీఆర్4 2400. ఒక ఛానల్‌కి సెకనుకి 19.2 జీబీ, నాలుగూ కలిపి 76.8. నీ 7700కి రెండే ఛానళ్లు, కానీ డీడీఆర్5 5200, ఒక్కోటీ 41.6, రెండూ కలిపి 83.2. అంటే ఒక సాకెట్‌తో పోలిస్తే రెండు ఛానళ్ల డెస్క్‌టాపే దాటేసింది! రెండు సాకెట్లు కలిపితే జియాన్ వైపు 153 అవుతుంది గానీ, పైన చెప్పిన న్యూమా గొడవ వల్ల అది మొత్తం ఒక ప్రోగ్రాంకి దక్కడం కష్టం. అదే ఎపిక్ 9654కి వేస్తే 460 దాటుతుంది. ఇప్పటి సర్వర్ ప్రాసెసర్ డెస్క్‌టాప్ కన్నా ఎక్కడో పైన ఉంది, నిజం. 2016 సర్వర్ ప్రాసెసర్ మాత్రం ఇప్పటి డెస్క్‌టాప్ పక్కన నిలబడితే దానికి మిగిలినవి రెండే, ర్యామ్ ఎక్కువ పట్టడం, లేన్లు ఎక్కువ ఉండటం. లేన్లు సాకెట్‌కి 40, అవి కూడా పాత పీసీఐఈ 3.0 తరానివి. నువ్వు మూడు నాలుగు గ్రాఫిక్ కార్డులు, అరడజను ఎన్‌వీఎంఈ డిస్కులు పెట్టే ఆలోచనలో లేవు కాబట్టి ఆ లేన్లు ఖాళీగా పడుంటాయి.

ర్యామ్ దగ్గర మాత్రం నీకు ఆశ పుట్టడం సహజం, 128 ఎక్కడ 32 ఎక్కడ. వీఎంలు నడిపేవాడికి ముందు కరువొచ్చేది కోర్లకి కాదు, ర్యామ్‌కే. నీ నాలుగైదు వీఎంలు చాలాసేపు ఊరికే కూర్చుని ఉంటాయి, 8 కోర్లు 16 థ్రెడ్లు వాటికి ధారాళంగా సరిపోతాయి, కానీ ఊరికే కూర్చున్నా వాటికిచ్చిన ర్యామ్ వెనక్కి ఇవ్వవు కదా. అందుకే 32 వద్దన్నా. 32 జీబీ కర్రలు రెండు వేసి 64 పెట్టు, బడ్జెట్ సాగితే 48వి రెండు వేసి 96 పెట్టు. నాలుగు స్లాట్లున్నాయి కదా ఇప్పుడు 16వి రెండు వేసి తర్వాత ఇంకో రెండు కలుపుకుందాం అని మాత్రం అనుకోకు. ఏఎం5 (7700 కూర్చునే సాకెట్) బోర్డుల్లో నాలుగు కర్రలూ నింపితే 7700కి ఏఎండీ హామీ ఇచ్చే ర్యామ్ స్పీడ్ 5200 నుంచి 3600కి పడిపోతుంది. కొందరికి అంతకన్నా ఎక్కువలో నడుస్తుంది, కొందరికి అసలు బూట్ అవ్వడానికే మొరాయిస్తుంది. మొదట్లోనే రెండు పెద్ద కర్రలు కొనుక్కోవడం సుఖం.

ఇంకోటి, ఆ 128 జీబీ ర్యామ్ మంచిది కాబట్టి రేపు ఎప్పుడైనా కొత్త బోర్డులోకి మార్చుకుంటా అనే ఆలోచన ఉంటే ఇప్పుడే తీసేయ్. డ్యూయల్ సాకెట్ సర్వర్లలోంచి వచ్చేది దాదాపు ఎప్పుడూ రిజిస్టర్డ్ ర్యామ్, ఆర్‌డిమ్ అంటారు. మామూలు డెస్క్‌టాప్ బోర్డులకి కావాల్సింది యూడిమ్. డీడీఆర్4లో రెండూ ఒకే స్లాట్‌లో దూరతాయి గానీ డెస్క్‌టాప్ బోర్డు ఆర్‌డిమ్‌తో ఆన్ అవ్వదు, డీడీఆర్5లో అయితే గాటు కూడా వేరే చోట ఉంటుంది, దూరదు కూడా. ఆ ర్యామ్ ఆ బోర్డుతోనే పుట్టి ఆ బోర్డుతోనే పోతుంది.

ఈసీసీ గురించి నువ్వు అడగలేదు, కానీ డేటాబేస్ నడుపుతా అన్నావ్ కాబట్టి చెప్తున్నా. ర్యామ్‌లో ఎప్పుడైనా ఒక బిట్ దానంతటదే తిరగబడొచ్చు, 0 ఉన్నచోట 1 అవ్వొచ్చు. ఈసీసీ ర్యామ్ ప్రతి 64 బిట్లకీ అదనంగా కొన్ని బిట్లు పెట్టుకుని, ఒక బిట్ తప్పితే దిద్దేస్తుంది, రెండు తప్పితే కనీసం తప్పిందని అరుస్తుంది. సర్వర్లకి ఇది ప్రాణం. డీడీఆర్5 అంతా ఈసీసీయే అని ఎవరైనా చెప్తే నమ్మకు, అందులో ఉండేది చిప్పు లోపలి తప్పుల్ని చిప్పే దిద్దుకునే ఏర్పాటు, ప్రాసెసర్‌కీ ర్యామ్‌కీ మధ్య దారిలో జరిగే తప్పులకి దానితో సంబంధం లేదు, తప్పు జరిగిందని నీకు చెప్పదు కూడా. మంచి వార్త ఏంటంటే ఈసీసీ కావాలంటే సర్వర్ ప్రాసెసరే కొనక్కర్లేదు. 7700 లోపల ఈసీసీ కంట్రోలర్ ఉంది, బోర్డు సహకరించాలంతే. బోర్డు కంపెనీ పేజీలో ఈసీసీ యూడిమ్ పనిచేస్తుందని స్పష్టంగా రాసి ఉన్నదే తీసుకో, ఈసీసీ కర్రలు పెట్టు, లైనక్స్‌లో ర్యామ్ తప్పుల్ని నీకు చెప్పే ఎడాక్ డ్రైవర్ లోడ్ అయ్యిందో లేదో చూసుకో. ఇంటెల్ వైపు అయితే 12వ తరం నుంచి చాలా కోర్ ఐ5, ఐ7, ఐ9 చిప్పులకి ఇది వస్తుంది, కాకపోతే డబ్ల్యూ680 చిప్‌సెట్ బోర్డు కావాలి. నీ డేటాబేస్ ఊరికే ప్రాక్టీస్‌కైతే ఈసీసీ లేకపోయినా కొంపలేం మునగవు, క్లయింట్ డేటా ఉంటే మాత్రం పెట్టుకో. అంతకన్నా ముందు బ్యాకప్ పెట్టుకో, ఈసీసీ గురించి గంటలు గంటలు వాదించేవాళ్లలో సగం మందికి బ్యాకప్ ఉండదు.

పేర్లు చూసి కూడా బోల్తా పడొద్దు. 2024లో ఏఎండీ ఎపిక్ 4004 అని ఒక సిరీస్ తెచ్చింది, పేరు ఎపిక్, సాకెట్ మాత్రం నీ 7700 కూర్చునే ఏఎం5యే, ర్యామ్ ఛానళ్లు రెండే. అందులో 4564పీ చూడు, 16 కోర్లు, 5.7 గిగాహెర్ట్జ్, 170 వాట్లు, అచ్చం రైజెన్ 9 7950ఎక్స్ లెక్కలే. చిన్న సర్వర్లు అమ్మే కంపెనీలకి ఈసీసీతో పరీక్షించి హామీ ఇచ్చిన చిప్పు కావాలి కాబట్టి అలా పేరు పెట్టి ఇచ్చారు. ఇంటెల్ వాళ్లు జియాన్ ఈ3 పేరుతో చాలా ఏళ్లు ఇదే పని చేశారు, లోపల డెస్క్‌టాప్ చిప్పు, పైన జియాన్ పేరు. కాబట్టి సర్వర్ ప్రాసెసర్ అని ఎవరైనా అంటే ఛానళ్లు ఎన్ని, లేన్లు ఎన్ని, ర్యామ్ ఎంత పడుతుంది అని మూడు ముక్కలు అడుగు, పేరు వదిలేయ్.

ఇక 24 గంటల ప్రశ్న. డెస్క్‌టాప్ ప్రాసెసర్ 24 గంటలు ఆన్‌లో ఉంటే పాడైపోతుందనేది పాత భయం. కోర్ ఒకటే అని పైన చెప్పా కదా, సిలికాన్‌కి టైం తెలియదు, వేడీ వోల్టేజీ తెలుస్తాయి. ముందు పోయేవి ఫ్యాన్లు, పవర్ సప్లై, డిస్కులు, అవి ఏ మెషిన్లో అయినా అంతే. డెస్క్‌టాప్ చిప్పులతో చిక్కులు రాలేదని కాదు, ఇంటెల్ 13, 14 తరాల పెద్ద చిప్పుల్లో వోల్టేజ్ ఎక్కువెళ్లి అస్థిరంగా మారిన గొడవ అందరికీ తెలిసిందే, 2024 ఆగస్టులో మైక్రోకోడ్ (చిప్పు లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఇచ్చి వారంటీ ఇంకో రెండేళ్లు పొడిగించారు. అది కూడా చూడు, అసలు కారణం వోల్టేజ్ ఎక్కువెళ్లడమే. 7700 65 వాట్ల చిప్పు, పూర్తిగా పనిచేసినా 88 దగ్గర ఆగుతుంది, మామూలు కూలర్‌తో చల్లగా పడుంటుంది. ఓవర్‌క్లాక్ జోలికి వెళ్లకు, మంచి పవర్ సప్లై, ఒక యూపీఎస్ పెట్టు, చాలు.

24 గంటలు ఆన్ అన్నావ్ కాబట్టి అసలు నిన్ను భయపెట్టాల్సింది ఆ జియాన్ల ఆకలి. రెండు చిప్పులకి 120 చొప్పున 240 వాట్లు అనేది పని ఎక్కువున్నప్పటి మాట, సరే. ఏ పనీ లేనప్పుడు కూడా రెండు సాకెట్లు, గుత్తెడు ర్యామ్ కర్రలు, సర్వర్ బోర్డు, ఫ్యాన్లు అన్నీ తింటూనే ఉంటాయి. డెస్క్‌టాప్‌తో తేడా 60 వాట్లే అనుకో, ఏడాదికి 525 యూనిట్లు. చౌకగా వచ్చిందని కొన్నది నెలనెలా బిల్లులో వసూలు చేసుకుంటుంది. మోత సంగతి సరేసరి, ర్యాక్ సర్వర్ ఫ్యాన్లు మనుషులు లేని గది కోసం చేసినవి, పడక గదిలో పెడితే రెండో రోజుకే మెషిన్ని బయటకి మోస్తావ్. సర్వర్ బోర్డు ఆన్ చేశాక ర్యామ్ అంతా చూసుకుని బూట్ దాకా రావడానికి నిమిషాలు పడుతుంది, స్లీప్ మోడ్ చాలా బోర్డుల్లో ఉండదు, ఆడియో జాక్ ఉండదు. విండోస్ 11 అయితే ఇంటెల్ 8వ తరం కన్నా పాత చిప్పుల్లో చాలావాటికి అధికారికంగా లేదు, బ్రాడ్‌వెల్ ఆ గీతకి బాగా అవతల ఉంది.

సర్వర్ వైపు నేను నిజంగా అసూయపడేది ఒకటుంది, బీఎంసీ. బోర్డు మీద ఇంకో చిన్న కంప్యూటర్ ఉంటుంది, మెషిన్ ఆఫ్‌లో ఉన్నా అది మేలుకునే ఉంటుంది, నువ్వు ఎక్కడున్నా నెట్‌వర్క్‌లోంచి ఆన్ చేయొచ్చు, బయాస్ స్క్రీన్ చూడొచ్చు, ఓఎస్ మళ్లీ ఎక్కించొచ్చు. అది రుచి చూసినవాడికి మామూలు బోర్డు చప్పగా ఉంటుంది. నీకు అంతగా కావాలంటే ఏఎం5కి కూడా బీఎంసీ ఉన్న బోర్డులు వస్తాయి, లేదంటే నెట్‌వర్క్‌లోంచి స్క్రీన్, కీబోర్డ్ నడిపించే ఐపీ కేవీఎం డబ్బా ఒకటి తగిలించుకో.

ఎవరైనా ఎపిక్ చిప్పు ఒక్కటీ విడిగా చవగ్గా ఇస్తా అంటే ఇంకో జాగ్రత్త. కొన్ని పెద్ద కంపెనీల సర్వర్లలో ప్లాట్‌ఫామ్ సెక్యూర్ బూట్ అని ఉంటుంది, ఒకసారి ఆ బోర్డులో ఆన్ అయితే చిప్పు లోపల ఫ్యూజ్ కాలిపోయి ఆ కంపెనీ బోర్డులకే కట్టుబడిపోతుంది, మిగతా బోర్డుల్లో బూట్ అవ్వదు. బయట నుంచి చూస్తే తెలియదు. ఇంజనీరింగ్ శాంపిల్ చిప్పులు, అంటే అమ్మకానికి ముందు పరీక్షల కోసం చేసినవి, కూడా ఇలాగే తిరుగుతుంటాయి, ఫోటోలో అసలు మోడల్ నంబర్ కనపడకపోతే డబ్బులు పంపకు.

రేపు నీ వీఎంలు నలభై అయితే, ర్యామ్ 256 దాటాల్సి వస్తే, లేదా మోడల్స్ ట్రెయిన్ చేయడానికి నాలుగు గ్రాఫిక్ కార్డులు పెట్టాలంటే అప్పుడు సర్వర్ ప్రాసెసరో, ఏఎండీ వర్క్‌స్టేషన్ చిప్పు థ్రెడ్‌రిప్పరో చూద్దాం, అప్పటికీ 2016ది కాదు. ఇప్పుడైతే కొనేముందు ఒక పని చెయ్. నీ దగ్గరున్న మెషిన్లోనే మామూలుగా పని చేసుకుంటూ, విసుగొచ్చి ఆగిన ప్రతిసారీ టాస్క్ మేనేజర్ తెరిచి చూడు. అన్ని కోర్లూ 100కి కొట్టుకుంటున్నాయా, ఒకటే కొట్టుకుంటోందా, అసలు ప్రాసెసర్ ఖాళీగా ఉండి ర్యామ్ నిండిపోయిందా, డిస్క్ ఊపిరాడక ఉందా. వారం రోజులు రాసిపెట్టుకుని ఆ లిస్టు నాకు పంపు, 64 చాలా 96 కావాలా అనేది అది చూసి చెప్తా.